వివాదం వేరు, బకాయి వేరు

భిలాయి ఉక్కు కర్మాగారానికి సున్నపురాయిని అందించే గనుల ఊరుగా నందినికి పేరు. 1959 ఫిబ్రవరి 4వ తేదీన భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ తరువాతి దశాబ్దాలలో బ్రతుకుతెరువు కోసం ఉత్తరాంధ్ర నుండి తరలివచ్చి ఈ ఉక్కుసీమలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నవి. గని కార్మికుని జీతమూ, ప్రక్క గ్రామంలోని రైతు పంట డబ్బూ, వారిరువురికీ సరుకు అమ్మే దుకాణదారు రాబడీ ఇక్కడ ఒకే బ్యాంకు గుమ్మం దాటి లోపలికి వస్తాయి. ఈ ముగ్గురి చేతిలోనూ నేడు ఏదో ఒక కార్డు ఉన్నది. కార్డుతోబాటు వచ్చిన చిక్కులూ ఉన్నవి.

క్షేత్ర పర్యటనలలో తరచు వినిపించే మాట ఒకటి ఉన్నది. "నేను వాడని సొమ్ము నా లెక్కలో రాశారు. అది తీసివేసే వరకు ఒక్క రూపాయి కూడా కట్టను" అని ఖాతాదారు అంటాడు. అతని కోపం చాలా సందర్భాలలో న్యాయమైనదే. కాని అతడు తీసుకున్న నిర్ణయం మాత్రం అతనికే చేటు తెచ్చేది. వేయి రూపాయల తప్పుడు పద్దు మీద కోపంతో లక్ష రూపాయల బాకీని నిలిపివేయుట ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకొనుట వంటిది. వివాదం వేరు, బకాయి వేరు. వివాదాన్ని వెంటనే, వ్రాతపూర్వకంగా లేవదీయాలి. వివాదం లేని బకాయిని గడువులోగా చెల్లించాలి. ఈ రెండింటినీ కలిపి ముడివేయరాదని ఖాతాదారులకు చెప్పుట ఈ వ్యాసం మొదటి ఉద్దేశం. ఖాతాదారు ఈ రెండింటినీ వేరుచేసి చూడగలిగేటట్లు చేయవలసిన బాధ్యత బ్యాంకులదేనని చెప్పుట రెండవ ఉద్దేశం.

పేరు ఒకటే, స్వభావాలు వేరు

తెలుగువారికి క్రెడిట్ కార్డు నిన్న మొన్న వచ్చిన వస్తువు కాదు. డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డులను ప్రవేశపెట్టి, ఈ రంగంలో దేశంలోని తొలి బ్యాంకులలో ఒకటిగా నిలిచింది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది. ఆనాడు కార్డు పట్టణంలోని ఉద్యోగికీ, వ్యాపారికీ పరిమితం. 1998లో కిసాన్ క్రెడిట్ కార్డు పథకం వచ్చిన తరువాతనే "కార్డు" అన్న మాట పల్లె గడపలోకి వచ్చింది.

పేరులో పోలిక ఉన్నా ఈ రెండింటి స్వభావాలు వేరు. కిసాన్ కార్డు పంట రుణం. 2006-07లో ఆరంభమై 2025-26లో కూడా కొనసాగిన వడ్డీ రాయితీ పథకం ప్రకారం రూ. 3 లక్షల వరకు స్వల్పకాలిక పంట రుణంపై వడ్డీ ఏడాదికి 7 శాతం. గడువులోగా చెల్లించినవారికి మరి 3 శాతం ప్రోత్సాహకం లభించి నికరంగా 4 శాతమే పడుతుంది. మామూలు క్రెడిట్ కార్డు వినియోగ రుణం. బిల్లు మొత్తాన్ని గడువులోగా చెల్లిస్తే దానిపై వడ్డీ లేదు. చెల్లించకపోతే అనేక కార్డులపై నెలకు 3, 3.5 శాతం చొప్పున వడ్డీ పడుతుంది. మన పల్లె భాషలో చెప్పాలంటే అది నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. వడ్డీ వ్యాపారి నూటికి మూడు రూపాయలు అడిగితే దోపిడీ అని వాపోయే మనం, అంతకంటె ఎక్కువ వడ్డీని ప్లాస్టిక్ ముక్క మీద మారుమాట లేకుండా అంగీకరిస్తున్నాము.

ఒక చిన్న లెక్క చూద్దాం. కార్డుపై రూ. 20,000 బాకీ నిలిచిందనుకోండి. నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ రూ. 700. ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ రూ. 126. మొత్తం రూ. 826. బిల్లులో "కనీస చెల్లింపు" అని చూపిన రూ. 1,000 మాత్రమే కట్టి ఊరుకుంటే అసలులో తగ్గేది కేవలం రూ. 174. పైగా, బాకీ ఉన్నంత కాలం కొత్తగా కొన్న సరుకుకు వడ్డీ లేని గడువు కూడా వర్తించదు. కార్డుతో నగదు తీసుకుంటే మొదటి రోజు నుండే వడ్డీ మొదలవుతుంది. అదే రూ. 20,000 పంట రుణమైతే 7 శాతం చొప్పున నెలకు సుమారు రూ. 117, సకాలంలో చెల్లించే రైతుకు 4 శాతం చొప్పున సుమారు రూ. 67 మాత్రమే పడుతుంది. పెండ్లి ఖర్చుకో, ఫ్రిజ్జుకో కార్డును గీకే ముందు ఈ మూడు అంకెలను ఒక కాగితం మీద వ్రాసి చూసుకొనుట మంచిది.

వివాదాలు ఎన్ని రకాలు?

లెక్కలో కనిపించిన ప్రతి అనుకోని పద్దూ మోసం కాదు. ఏది ఏ రకమో గుర్తించినప్పుడే ఏ తలుపు తట్టవలెనో తెలుస్తుంది.

మొదటి రకం, ఖాతాదారుకు తెలియకుండా ఇతరులు చేసిన లావాదేవీ. కార్డు నకలు చేయుట, ఓటీపీని కాజేయుట, వేలిముద్రతో సొమ్ము తీయుట ఈ కోవలోకి వస్తాయి. ఎరువుల దుకాణంలో రైతు పెట్టే వేలిముద్ర సబ్సిడీ అమ్మకానికి నమోదు మాత్రమే. అదే వేలు వేరొక యంత్రం మీద పెడితే ఆధార్‌తో ముడిపడిన ఖాతా నుండి సొమ్ము బయటికి వస్తుంది. యంత్రాలు చూపునకు ఒకే తీరుగా ఉంటాయి. కనుక వేలు పెట్టే ముందు "ఇది దేనికి?" అని అడుగుట, పని కాగానే రసీదు తీసుకొనుట తప్పనిసరి. ఈ సదుపాయం అవసరం లేనివారు తమ ఆధార్ వేలిముద్రలకు తాళం వేసుకొనే వీలు కూడా ఉన్నది.

రెండవ రకం, నిబంధన ప్రకారం పడినా ఖాతాదారుకు తెలియని కోత. దీనికి మంచి ఉదాహరణ పంటల బీమా ప్రీమియం. 2020 ఖరీఫ్ నుండి ప్రధానమంత్రి ఫసల్ బీమా రుణం తీసుకున్న రైతుకు కూడా ఐచ్ఛికమే. అయితే వద్దనుకున్న రైతు ఆఖరు తేదీకి కనీసం ఏడు రోజుల ముందు బ్యాంకులో వ్రాసి ఇవ్వాలి. ఇవ్వకపోతే ప్రీమియం ఖాతాలో ఖర్చు పడుతుంది. అట్లే ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏటా పడే రూ. 12 కోత 2022 జూన్ 1 నుండి రూ. 20 అయినది. ఎప్పుడో సంతకం చేసిన అంగీకార పత్రం ఆధారంగా ఈ కోతలు ఏటేటా వాటంతట అవే జరుగుతాయి. ఇవి మోసాలు కావు. కాని ఖాతాదారుకు చెప్పకుండా జరిగిన కోత అతని దృష్టిలో మోసంతో సమానమే అవుతుందని బ్యాంకు సిబ్బంది మరువరాదు.

మూడవ రకం, సరుకుకు సంబంధించిన తగాదా. విత్తనం మొలవలేదు, మోటారు వారానికే కాలిపోయింది. కార్డును గీకినది మీరే, సొమ్ము చేరినది డీలరుకే. ఇక్కడ తగాదా ప్రధానంగా అమ్మినవారితో. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని, వినియోగదారుల న్యాయస్థానానికి వెళ్ళే హక్కు అతనికి ఉన్నదని 2012 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంచేసింది. జాతీయ విత్తన సంస్థకూ ఆంధ్రప్రదేశ్ రైతులకూ మధ్య నడిచిన వ్యాజ్యం అది. 2020 జూలై 20న అమలులోకి వచ్చిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. రూ. 5 లక్షలలోపు విలువైన ఫిర్యాదుకు రుసుము లేదు.

మూడు రోజుల విలువ

మొదటి రకం వివాదంలో కాలమే ప్రాణం. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు వాణిజ్య బ్యాంకులకు ఇచ్చిన ఉత్తర్వు ఈ విషయంలో ఖాతాదారుకు రక్షణ కవచం. తప్పు బ్యాంకుదీ కాక, ఖాతాదారుదీ కాక, వ్యవస్థలో మరెక్కడో జరిగినప్పుడు, లావాదేవీ సమాచారం అందిన రోజును మినహాయించి మూడు పనిదినాలలోగా బ్యాంకుకు తెలియజేస్తే ఖాతాదారు ఒక్క రూపాయి కూడా భరించనక్కరలేదు. నాలుగు నుండి ఏడు పనిదినాలలోగా తెలియజేస్తే అతడు భరించే మొత్తానికి పరిమితి ఉన్నది: ప్రాథమిక పొదుపు ఖాతాకు రూ. 5,000, ఇతర పొదుపు ఖాతాలకు, రూ. 5 లక్షల లోపు పరిమితి గల క్రెడిట్ కార్డులకు రూ. 10,000. ఏడు రోజులు దాటితే ఆ బ్యాంకు తన పాలకమండలి ఆమోదంతో ఏర్పరచుకున్న విధానాన్ని బట్టి నిర్ణయం జరుగుతుంది.

ఫిర్యాదు అందిన పది పనిదినాలలోగా వివాదపు సొమ్మును తాత్కాలికంగా ఖాతాకు జమచేయాలి. 90 రోజులలోగా ఫిర్యాదును పరిష్కరించాలి. అన్నిటికంటె ముఖ్యమైనది, బాధ్యత ఖాతాదారుదేనని నిరూపించవలసిన భారం బ్యాంకుపైనే ఉన్నది. అయితే పిన్‌నో ఓటీపీనో ఖాతాదారే ఇతరులకు చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసే వరకు జరిగిన నష్టం అతనిదే. తెలియజేసిన తరువాతి నష్టం బ్యాంకుది. కనుక తప్పు మనదేనేమోనన్న సిగ్గుతో ఆలస్యం చేయుట కూడా నష్టమే. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట కంటె, మొదటి వేలు కాలినప్పుడే చేయి వెనక్కు తీసుకొనుట మేలు.

క్రెడిట్ కార్డు బిల్లుల విషయంలో 2022 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన రిజర్వు బ్యాంకు నిర్దేశాలు మరికొన్ని హక్కులను ఇచ్చాయి. బిల్లు తప్పని కార్డుదారు ఫిర్యాదు చేస్తే 30 రోజులలోగా సంజాయిషీ, అవసరమైన ఆధారాలు ఇవ్వాలి. మోసమని ఫిర్యాదు చేసిన మొత్తంపై వివాదం తేలే వరకు రుసుములు వేయరాదు. అడగని కార్డును అంటగట్టి రుసుము వేస్తే, దానిని రద్దుచేయుటే కాక అందుకు రెట్టింపు మొత్తాన్ని జరిమానాగా కార్డుదారుకు చెల్లించాలి. బాకీ లేని కార్డును మూసివేయమని కోరిన ఏడు పనిదినాలలోగా మూసివేయకపోతే రోజుకు రూ. 500 చొప్పున చెల్లించాలి.

కనుక ఖాతాదారు చేయవలసిన పనులను ఈ క్రమంలో గుర్తుంచుకోవచ్చును:

1. వెంటనే బ్యాంకుకు ఫోను చేసి కార్డును ఆపుచేయించాలి. మోసమైతే సైబర్ నేరాల ఫిర్యాదుల నంబరు 1930కు కూడా తెలియజేయాలి.
2. శాఖకు వెళ్ళి తేదీ, మొత్తం, లావాదేవీ వివరం వ్రాసిన అర్జీ ఇచ్చి, నకలుపై తేదీతో కూడిన ముద్ర వేయించుకోవాలి. ఫోనులో ఇచ్చిన ఫిర్యాదు సంఖ్యను అదే కాగితంపై వ్రాసుకోవాలి.
3. వివాదం లేని మిగిలిన బాకీని గడువులోగా చెల్లించాలి.
4. 30 రోజులలో సమాధానం రాకున్నా, వచ్చినది తృప్తికరంగా లేకున్నా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయాలి. 2021 నవంబరు 12న ఆరంభమైన సమీకృత పథకం కింద దీనికి రుసుము లేదు, వకీలు అవసరమూ లేదు.

కట్టననుట వల్ల నష్టం ఎవరికి?

పైన చెప్పిన మూడవ అంశం చాలామందికి రుచించదు. "తప్పు వారిది, చెల్లింపు నాదా?" అని అడుగుతారు. ఒక రైతు కిసాన్ కార్డులో లక్ష రూపాయల బాకీ ఉన్నదనుకుందాం. రూ. 50,000 బీమా మొత్తానికి 2 శాతం చొప్పున రూ. 1,000 వరి ప్రీమియం తనకు తెలియకుండా పడిందని అతని వివాదం. కోపంతో లక్షను గడువులోగా కట్టకపోతే సకాల చెల్లింపుపై వచ్చే 3 శాతం, అనగా ఏడాదికి రూ. 3,000 పోతుంది. వేయి కోసం మూడు వేలు పోగొట్టుకున్నట్లు. బాకీ గడువు మీరితే రుణ చరిత్రలో మచ్చ పడుతుంది. రేపు ట్రాక్టరుకో, పిల్లల చదువుకో రుణం అడిగినప్పుడు ఆ మచ్చ ముందు నిలుస్తుంది.

ఇది మన బ్యాంకుల సౌకర్యం కోసం చెప్పే నీతి కాదు. అమెరికాలో 1974లో చేసిన క్రెడిట్ బిల్లుల చట్టం కూడా ఇదే విభజన చేసింది. బిల్లు పంపిన 60 రోజులలోగా కార్డుదారు వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే వివాదపు మొత్తాన్ని విచారణ ముగిసే వరకు చెల్లించనక్కరలేదు. మిగిలిన మొత్తాన్ని మాత్రం చెల్లించవలసినదే. వివాదానికి గౌరవం, బకాయికి బాధ్యత అనే ఈ సూత్రం ఏ దేశంలోనైనా న్యాయమైనదే.

రుణ చరిత్రలో తప్పు నమోదైతే దానిని సరిదిద్దమని కోరే హక్కు ఉన్నది. 30 రోజులలోగా సరిదిద్దకపోతే రోజుకు రూ. 100 చొప్పున పరిహారం చెల్లించాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చింది. ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా పొందవచ్చును. పంట రుణం పునరుద్ధరణకు వచ్చే ప్రతి రైతూ ఆ నివేదికను ఒకసారి అడిగి చూచుట మంచి అలవాటు.

డీలరు మిత్రులకు ఒక మాట

ఎరువులు, విత్తనాలు, మోటార్లు అమ్మే డీలర్లు ఈ వ్యవహారంలో ప్రేక్షకులు కారు. కార్డు లావాదేవీపై వివాదం వచ్చినప్పుడు అమ్మకానికి ఆధారం చూపవలసినది డీలరే. బిల్లు నకలు, యంత్రపు చీటీ, సరుకు అందినట్లు సంతకం లేకపోతే ఆ సొమ్ము డీలరు ఖాతా నుండి వెనక్కు పోవచ్చును. కనుక చీటీలను నెలవారీగా కట్టకట్టి భద్రపరచుట ఖర్చులేని బీమా.

రైతుల కార్డులను, పిన్ నంబర్లను దుకాణంలోనే ఉంచుకొనే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. నమ్మకంతో ఇచ్చారు, నమ్మకంతో ఉంచాను అని డీలరు అనవచ్చును. కాని వివాదం వచ్చిన రోజున ఆ నమ్మకానికి కాగితం ఉండదు. పిన్ ఇతరులకు చెప్పినందువల్ల రైతు రక్షణ కోల్పోతాడు. కార్డు దగ్గర ఉన్నందువల్ల డీలరు అనుమానానికి గురి అవుతాడు. సరుకు అమ్మకుండానే అమ్మినట్లు కార్డును గీకి, కొంత మినహాయించుకొని నగదు ఇచ్చుట మరింత ప్రమాదకరం. అది పంట రుణాన్ని తక్షణమే వినియోగపు అప్పుగా మార్చివేస్తుంది. రూపే డెబిట్ కార్డు చెల్లింపుపై వ్యాపారి బ్యాంకుకు ఇవ్వవలసిన రుసుము 2020 జనవరి 1 నుండి లేదు. కనుక దాని పేరున రైతు వద్ద అదనంగా వసూలు చేయుటకు ఆధారం లేదు.

భాష తెలియనివాడు మౌనంగా నష్టపోతాడు

ఇంతవరకు ఖాతాదారు కర్తవ్యాలు చెప్పితిని. ఇప్పుడు బ్యాంకుల కర్తవ్యం గురించి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది.

క్రెడిట్ కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం మించితే అది అనుచిత వ్యాపారమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పు చెప్పింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. వడ్డీ రేటును నిర్ణయించే అధికారం కమిషన్‌కు లేదని, కార్డుదారులకు తమ హక్కులు, బాధ్యతలు, ఆలస్యానికి పడే భారం గురించి సక్రమంగా తెలియజేయబడుతున్నదని న్యాయస్థానం భావించింది. తీర్పు శిరోధార్యమే. అయితే వడ్డీకి పైకప్పు లేనప్పుడు ఖాతాదారుకు మిగిలిన రక్షణ ఒక్కటే: తెలిసి సంతకం చేయుట. ఆ తెలియజేయుట అనే పని నిజంగా జరుగుతున్నదా అని ప్రతి శాఖా తన్ను తాను ప్రశ్నించుకోవాలి.

షరతులు సరళమైన మాటలలో, వీలైనంతవరకు ఇంగ్లీషు, హిందీ, స్థానిక భాషలలో ఉండాలని నిర్దేశాలు చెబుతున్నాయి. నందినిలో స్థానిక భాష అంటే మళ్ళీ హిందీయే. శ్రీకాకుళం నుండి వచ్చిన ముసలి తల్లికి ఈ మూడింటిలో ఏదీ తన భాష కాదు. ఆమె ఫోనుకు ఇంగ్లీషులో వచ్చిన సందేశం చదివే మనవడు షిఫ్టు ముగించుకొని ఇంటికి వచ్చేసరికి మూడు రోజుల గడియారం నడుస్తూనే ఉంటుంది. ఊరు మారినప్పుడు సిమ్ మార్చి, బ్యాంకులో నంబరు మార్చని వలస కార్మికునికి ఆ సందేశం చేరనే చేరదు. నిబంధన అందరికీ ఒకటే. దానిని అందుకొనే శక్తి అందరికీ ఒకటి కాదు.

అందుచేత నా అభిప్రాయంలో మూడు పనులు జరగాలి. మొదటిది, లావాదేవీ సందేశపు భాషను ఎన్నుకొనే అవకాశం ఖాతా తెరిచే కాగితంలోనే ఉండాలి. నివసించే రాష్ట్రాన్ని బట్టి కాక, మనిషిని బట్టి భాష ఉండాలి. రెండవది, నోటి మాటగా చెప్పిన ఫిర్యాదును శాఖలోనే వ్రాసి, చదివి వినిపించి, ముద్ర వేసిన నకలు ఇవ్వాలి. అర్జీ వ్రాయలేకపోవుట హక్కు కోల్పోవుటకు కారణం కారాదు. మూడవది, ఏడాదికి ఒకసారి, పంట రుణం పునరుద్ధరణ సమయంలో, ఖాతాలోని ప్రతి కోతను రైతుకు వరుసగా వివరించాలి. దీనికి పట్టేది పదిహేను నిమిషాలు. వసూలు కోసం ఊరికి నాలుగుసార్లు తిరిగే శ్రమకంటె ఇది తక్కువే.

ఈ పని చేయకపోతే ఏమవుతుందో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. 2010లో సూక్ష్మ రుణాల వసూలు ఒత్తిడి ప్రాణాలు తీసుకొనే వరకు పోయిందన్న ఆందోళన నడుమ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అక్టోబరులో ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఆ తరువాత రాష్ట్రంలో ఆ రుణాల వసూళ్ళు దాదాపు నిలిచిపోయి, ఇచ్చినవారూ తీసుకున్నవారూ నష్టపోయారు. పదేండ్ల తరువాత, 2020 చివరలో, ఫోను యాప్‌ల అప్పుల వేధింపులపై హైదరాబాదులో పోలీసులు కేసులు పెట్టి అరెస్టులు చేశారు. రెండు సందర్భాలలోనూ అప్పు ఇచ్చుట సులభమైంది, షరతు అర్థమగుట కష్టమైంది. ఆ రెంటి నడుమ ఉన్న అగాధంలోనే మనుషులు పడిపోయారు. వసూలు ప్రతినిధులు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తరువాత ఫోను చేయరాదన్న నిబంధనను 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు మరల గట్టిగా గుర్తుచేసింది. వేళ కాని వేళ బెదిరించే ఫోను వస్తే అది కూడా ఫిర్యాదుకు తగిన విషయమేనని రుణగ్రహీతలు తెలుసుకోవాలి.

అప్పు అవసరం; అది పాపం కాదు. ఎరువు బస్తా నుండి ఇంటి పైకప్పు దాకా అప్పు లేకుండా లేచినవి మన ఊళ్ళలో కొద్ది. కాని తనకు తెలిసిన అప్పును మాత్రమే మనిషి తీర్చగలడు. ఖాతాదారు తన లెక్కను నెలకొకసారి చదివించుకొని చూడాలి. అనుమానం వచ్చిన రోజునే నోరు తెరవాలి. న్యాయమైన బాకీని గడువు దాటనీయరాదు. నోరు తెరిచినవానిని ఎగవేతదారుగా కాక ఫిర్యాదుదారుగా చూచుట బ్యాంకు వంతు. ఈ రెండూ సక్రమంగా జరిగిన చోట వివాదం బకాయిగా మారదు, బకాయి వైరంగా మారదు.